గొర్రెల మందకి ఏ కుక్క మేలు: బోర్డర్ కాలీయా, కాపలా జాతా, నాటుకుక్కా?

బెంగళూరులో ఉద్యోగం, బాగేపల్లి దాటాకో పెనుకొండ దగ్గరో నాలుగెకరాల పొలం, అందులో ముప్పై నలభై గొర్రెలు, శని ఆదివారాలు కారేసుకుని వెళ్ళి చూసుకోవడం. ఈ పద్ధతిలో బతుకుతున్న తెలుగువాళ్ళు ఈ నగరంలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. గొర్రెలు కొన్న కొన్నాళ్ళకి వీళ్ళలో చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: బ్రిటన్‌లో గొర్రెల్ని తోలే జాతి, ఒక బోర్డర్ కాలీని తెచ్చేద్దాం, వీడియోల్లో చూశాం కదా, ఈల వేస్తే చాలు కొండ మీది మందనంతా పోగేసి తెచ్చి కాళ్ళ దగ్గర పెడుతుంది, కాపరి జీతం కూడా మిగులుతుంది అని.

మిగలదు. కాపరి లేకుండా పనిచేసే బోర్డర్ కాలీ ఎక్కడా లేదు, అది పుట్టిన దేశంలో కూడా లేదు. అసలు కుక్క జాతి సంగతి తర్వాత, ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: మీకు కావలసింది మందను తోలే కుక్కా, మందను కాసే కుక్కా? ఈ రెండూ పూర్తిగా వేరు. తోలే కుక్కలో వేట బుద్ధి ఉంటుంది, దాన్ని సగంలో ఆపి పనికి మళ్ళిస్తారు. కాసే కుక్కలో ఆ బుద్ధి మొలకెత్తకుండానే పెంచుతారు, గొర్రెలే దాని కుటుంబం. ఒకదానితో రెండో పని చేయించాలనుకుంటే రెండూ చెడతాయి. మన వైపు పొలాల్లో నూటికి తొంభై మందికి కావలసింది కాసే కుక్కే అని నా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కాలీ దేని కోసం తయారైందో చూడాలి, లేకపోతే నేనేదో ఆ కుక్క మీద కోపంతో చెబుతున్నట్టు ఉంటుంది.

సముద్రం పక్క కొండ మీద దాని పని

వేల్స్, స్కాట్లండ్ తీరాల్లో కొండ పొలాలు ఎలా ఉంటాయంటే, కింద నాలుగు చిన్న చేలు, వాటి చుట్టూ రాతి గోడలు, పైన కంచె అన్నదే లేని కొండ, కొండకి ఒక పక్క నిటారుగా సముద్రంలోకి దిగిపోయే రాతి అంచు. గొర్రెలు ఏడాదిలో ఎక్కువ భాగం ఆ కొండ మీదే వాటంతట అవే మేస్తాయి. వాటి వెంట మనిషి ఉండడు. ఏ మంద మేసే జాగా ఆ మందకి తెలుసు, తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది, తరతరాలుగా అలా వస్తున్న అలవాటు అది. 2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు 60 లక్షలకు పైగా పశువుల్ని చంపేశారు. అప్పుడు కొండల రైతులు ఎక్కువగా ఏడ్చింది దీనికే. గొర్రెల్ని మళ్ళీ కొనొచ్చు, ఆ కొండని ఎరిగిన గొర్రెల్ని కొనలేరు కదా.

అలాంటి కొండ మీంచి ఏడాదికి కొన్నిసార్లు మందనంతా కిందికి దింపాలి. ఏప్రిల్లో ఈనడానికి, జూలై ప్రాంతాల్లో ఉన్ని కత్తిరించడానికి, మందులు వేయడానికి, శరదృతువులో పిల్లల్ని వేరుచేసి సంతకి పంపడానికి, నవంబరులో పొట్టేళ్ళని కలపడానికి. వందల గొర్రెలు, మైళ్ళ కొద్దీ కొండ, ఒకరో ఇద్దరో మనుషులు. కుక్క లేకపోతే ఈ పని జరగనే జరగదు.

రైతు కింద నిలబడి పంపిస్తే కుక్క గొర్రెల మీదికి తిన్నగా పోదు. అర్ధచంద్రాకారంగా, చాలా దూరంగా చుట్టు తిరిగి మంద వెనక్కి చేరుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. తల కిందికి దించి, ఒళ్ళు నేలకి ఆనించినంత పని చేసి, కళ్ళార్పకుండా చూస్తూ ఒక్కో అడుగూ వేస్తుంది. మొరగదు, కరవదు. ఆ చూపుకే గొర్రెలు కదులుతాయి. 'కమ్ బై' అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, 'అవే' అంటే దానికి ఎదురు వైపు, పడుకోమంటే ఉన్నచోటే పడుకోవాలి, 'దటిల్ డూ' అంటే పని ఆపి వచ్చేయాలి. దూరం పెరిగితే నోటి మాట వినపడదు కాబట్టి ఇవే ఈలలుగా మారతాయి.

తీరంలో దీనికి ఇంకో రెండు చిక్కులు. ఒకటి అంచు. కొంచెం దుడుకుగా మీదికెళ్ళే కుక్క అయితే, బెదిరిన గొర్రె వెనక్కి చూడకుండా సముద్రంలోకి దూకేస్తుంది. అందుకే అక్కడి వాళ్ళు వేగం కన్నా నిదానం చూసి కుక్కని ఎంచుకుంటారు, అంచు వైపు నుంచి తనంతట తానే చుట్టి వచ్చే కుక్కకి విలువెక్కువ. రెండోది పొగమంచు. సముద్రం మీంచి ఒక్కసారిగా ఎక్కేసిందంటే కొండ సగం నుంచి పైన ఏమీ కనపడదు, రైతుకి కుక్క కనపడదు, కుక్కకి రైతు కనపడడు. అప్పుడు ఈల కూడా పెద్దగా పనికిరాదు, కుక్క సొంత బుర్రతో వెతికి, పోగేసి, దారి పట్టించాలి. అక్కడి రైతులకి చెప్పినట్టల్లా వినే కుక్క ఒక్కటే చాలదు, చెప్పకపోయినా ఏం చేయాలో తెలిసిన కుక్క కావాలి. సౌత్ వేల్స్‌లో గోవర్ అనే చోట గొర్రెలు ఉప్పు బీళ్ళలో మేస్తాయి (ఆ మాంసానికి 2021లో ప్రత్యేక గుర్తింపు కూడా వచ్చింది). పెద్ద ఆటుపోట్ల రోజుల్లో నీళ్ళు ఎక్కే లోపల మందని బయటికి తేవాలి. సముద్రం ఎవరి కోసమూ ఆగదు కాబట్టి అక్కడ కుక్క ఆలస్యం చేసినా ప్రమాదమే, తొందరపెట్టినా ప్రమాదమే.

ఇంత పనితనం ఊరికే రాలేదు. 1873లో వేల్స్‌లోని బాలా అనే ఊళ్ళో గొర్రెల కుక్కల పోటీ పెట్టారు, బ్రిటన్‌లో నమోదైన మొదటి పోటీ అదే. 1893లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్క రక్తం ఇప్పుడున్న బోర్డర్ కాలీల్లో దాదాపు అన్నిట్లోనూ ఉందంటారు. 1906లో ఇంటర్నేషనల్ షీప్ డాగ్ సొసైటీ ఏర్పడింది, అది వంశావళి రాసుకుంటుంది గానీ కుక్క అందం చూడదు, పని చూస్తుంది. అంటే నూరేళ్ళకు పైగా బుర్ర, చూపు, పరుగు చూసే జత కట్టించారన్నమాట. ధర కూడా అలాగే ఉంటుంది. 2021లో వేల్స్‌లో ఒక్క ఏడాది వయసున్న కిమ్ అనే ఆడకుక్క వేలంలో 27,000 పౌండ్లకు పైగా పలికింది. అప్పటి లెక్కన పాతిక లక్షల రూపాయల పైమాటే.

అంత పెట్టి కొన్నా దాని పని కాలం తక్కువే. ఏడాది వయసు దగ్గర్లో అసలు శిక్షణ మొదలవుతుంది, మూడేళ్ళకి గానీ చేయి తిరగదు, తొమ్మిది పదేళ్ళకి కీళ్ళు పట్టేస్తాయి, చెవులు మందగిస్తాయి. అందుకే మంచి రైతు దగ్గర ఎప్పుడూ మూడు తరాలుంటాయి: ఒకటి ముసలిది, ఒకటి పనిలో ఉన్నది, ఒకటి నేర్చుకుంటున్నది. ఎక్కువ కుక్కలు ఇంట్లో పడుకోవు, కొట్టంలోనే. పని లేని రోజుల్లో ఖాళీగానే ఉంటాయి. కాలీకి రోజూ పన్నెండు గంటల పని ఉండాలనేది వట్టి మాట.

మన వైపు ఆ పని ఉందా

ఇప్పుడు బాగేపల్లికి రండి. మన దగ్గర మంద వెంట మనిషి ఉంటాడు, పొద్దున దొడ్డి తెరిచింది మొదలు సాయంత్రం మళ్ళీ తడిక వేసేదాకా. కాపరి ముందు నడుస్తూ నోటితో ఒక రకం కూత వేస్తే మంద వెనక నడుస్తుంది, పక్క చేలోకి జారే గొర్రెని 'హెయ్' అని అదిలిస్తే వెనక్కి వస్తుంది. మైళ్ళ దూరంలో చెదిరిపోయిన మందని పోగు చేయాల్సిన అవసరం మనకి ఏడాదిలో ఒక్కసారి కూడా రాదు. పైగా చుట్టూ ఎవరివో చేలు, మధ్యలో రోడ్డు, బోరు దగ్గర ఆడవాళ్ళు, పరిగెత్తే పిల్లలు. అర్ధచంద్రాకారంగా చుట్టు తిరగడానికి ఆ కుక్కకి చోటేదీ?

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. తోలే కుక్క పనిచేయాలంటే గొర్రెలకి కూడా కుక్క అలవాటు ఉండాలి. కుక్కంటే ఎరగని మంద మీదికి నేర్పులేని కాలీని వదిలితే గొర్రెలు తలోదిక్కు పరిగెడతాయి, కొన్ని కంచెకి గుద్దుకుంటాయి, చూలుతో ఉన్నవి ఈసుకుపోతాయి. పరిగెత్తే గొర్రెని చూసి కుక్కకి ఇంకా హుషారు. ఒక్కసారి ఉన్ని నోట పట్టిన పిల్ల కుక్కకి ఆ రుచి మాన్పించడం చాలా కష్టం.

మన సమస్య వేరు. అనంతపురం, బళ్ళారి, కొప్పళ ప్రాంతాల్లో తోడేళ్ళున్నాయి. గుట్టల పక్క ఊళ్ళలో చిరుత భయం ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా ఊరి చివర కోళ్ళ వ్యర్థాలు తిని గుంపులు కట్టిన దిక్కులేని కుక్కలు, రాత్రి ఆటోలో వచ్చి నాలుగు జీవాల్ని ఎత్తుకుపోయే దొంగలు. వీటిలో దేనికీ పదిహేను ఇరవై కిలోల బోర్డర్ కాలీ జవాబు కాదు. తోడేలు ముందు అది నిలవదు, నిలవాలన్న బుద్ధి కూడా దానికి లేదు.

తోలే కుక్కల్లోనే వేరే జాతుల సంగతి రెండు ముక్కల్లో: న్యూజిలాండ్ హంటవే మొరిగి మందని తోలుతుంది, ఆస్ట్రేలియా కెల్పీ వేడికి బాగా తట్టుకుంటుంది, ఇరుకు దొడ్లో గొర్రెల వీపుల మీంచి పరిగెత్తగలదు. కాగితం మీద కెల్పీ మన ఎండలకి సరిపోయే కుక్కే. కానీ దానికీ మన దగ్గర ఆ పని లేదు, నేర్పేవాళ్ళూ లేరు.

కాసే కుక్కల్లో ఏది

మంద కాపలా జాతులు ప్రపంచమంతా ఉన్నాయి, టర్కీ కంగల్, ఇటలీ మరెమ్మా, ఫ్రాన్స్ స్పెయిన్ సరిహద్దులో పైరనీస్, మనకి జమ్మూ కశ్మీర్లో బకర్వాల్, హిమాచల్లో గద్దీ. గద్దీ కుక్క మెడకి ముళ్ళున్న ఇనుప పట్టీ కడతారు, చిరుత గొంతు పట్టకుండా. వీటి పద్ధతి చూడటానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. పగలంతా మందలో పడుకుని నిద్రపోతాయి. రాత్రి దూరంగా ఏదో అలికిడైతే లేచి, మందకీ ఆ చప్పుడికీ మధ్యకి వెళ్ళి నిలబడి గొంతెత్తి మొరుగుతాయి. చుట్టూ మూత్రం పోసి హద్దు పెడతాయి. కాపలాలో చాలా భాగం కొట్లాట లేకుండా ఈ బెదిరింపుతోనే అయిపోతుంది.

కంగల్ కావాలని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. నా మాట వినండి, వద్దు. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల అమ్మకాలూ పెంపకాలూ ఆపాలని రాష్ట్రాలకి సర్క్యులర్ పంపింది, అందులో కంగల్, అక్బాష్ లాంటి మంద కాపలా జాతులు కూడా ఉన్నాయి. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది, వాళ్ళనీ వీళ్ళనీ సంప్రదించకుండా చేశారని. అయినా ఆ చర్చ ముగిసినట్టు కాదు, మీ పొలం ఆంధ్రలో ఉండి ఇల్లు కర్ణాటకలో ఉంటే తలనొప్పి రెట్టింపు. చట్టం మాట పక్కన పెట్టినా, యాభై అరవై కిలోల కుక్క, ఎవరొచ్చినా అడ్డం నిలబడమని పుట్టిన కుక్క, వారానికి రెండు రోజులే కనపడే యజమాని. పాలవాడు, కరెంటు లైన్‌మాన్, పక్క చేను రైతు రోజూ ఆ దారినే పోవాలి. ఒకసారి కరిస్తే ఊళ్ళో మీ పరువు, కుక్క ప్రాణం రెండూ పోతాయి. గద్దీ, బకర్వాల్ మంచి కుక్కలే, కానీ ఆ బొచ్చుతో మే నెలలో హిందూపురంలో ఉండమనడం పాపం.

మన దక్షిణాది జాతులు

ఇక్కడ చాలామంది పొరబడేది ముధోల్ కుక్క దగ్గర. కర్ణాటక జాతి, బాగలకోట జిల్లా ముధోల్ సంస్థానం వాళ్ళు పెంచింది, సైన్యం కూడా తీసుకుంది, ఇంక మందకి కూడా పెట్టేద్దాం అనుకుంటారు. ముధోల్, తమిళనాడు చిప్పిపారై రెండూ కంటితో చూసి వెంటపడే వేటకుక్కలు. సన్నగా, పొడుగ్గా, బాణంలా పోతాయి. ఏది పరిగెత్తితే దాని వెంటపడటమే వాటి బుద్ధి. గొర్రెపిల్ల గంతులేస్తుంటే వాటికి అది కుందేలే. చిన్నప్పటి నుంచి కలిపి పెంచితే కొన్ని సర్దుకుంటాయి, కాదనను, కానీ పుట్టుబుద్ధికి ఎదురీది పెంచడం ఎందుకు? పొలం చుట్టూ తిరిగి చప్పుడు చేయడానికైతే బాగుంటాయి. (కుందేళ్ళ వేటకి తీసుకెళ్తామనే వాళ్ళకి ఒక మాట: వన్యప్రాణి చట్టం కింద అది నేరం, సరదా కాదు.)

తమిళనాడుదే రాజపాళయం కాస్త బరువైన కుక్క, ఇంటి కాపలాకి పేరున్నది, అపరిచితుల్ని దగ్గరికి రానివ్వదు. తెల్లటి ఒళ్ళు, గులాబి ముక్కు చూసి ముచ్చటపడి కొంటారు గానీ ఆ తెలుపుతో పాటు చెవుడు వచ్చే పిల్లలుంటాయి. కొనేముందు పిల్ల వెనక నిలబడి, దానికి కనపడకుండా తాళాలు గలగలలాడించి చూడండి, ఒకసారి కాదు, రెండు మూడు పక్కల నుంచి. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ మూడింటికీ 2020లో జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో గుర్తింపు ఇచ్చింది. ముధోల్ దగ్గర పశువైద్య విశ్వవిద్యాలయం కేంద్రం ఉంది. కావాలనుకుంటే ఇలాంటి చోటికి వెళ్ళండి గానీ ఫోన్లో ఫొటోలు పంపే వాళ్ళ దగ్గర అడ్వాన్సు కట్టకండి.

నాటుకుక్క

నా ఓటు దీనికే, నాకు మొహమాటం లేదు. గుడిబండ పక్కన ఒక చేలో ఎరువు కోసం మంద కట్టినప్పుడు చూశాను. చుట్టూ వల, వల లోపల గొర్రెలు ఒకదానికొకటి ఆనుకుని నెమరేస్తున్నాయి, బయట గోనెసంచి మీద గొర్రె పెంటికల మధ్య ముడుచుకుని పడుకుంది ఒక గోధుమరంగు ఆడకుక్క, ఒక చెవి సగం తెగి ఉంది. నేను వల దగ్గరికి వెళ్తే కాపరి లేవకముందే అది లేచింది, మొరగలేదు, నాకూ వలకీ మధ్య వచ్చి అడ్డంగా నిలబడింది. కాపరి 'ఏయ్, మనోళ్ళే' అన్నాక గానీ పక్కకి జరగలేదు. ఆ కుక్కకి ఎవరూ ఏ శిక్షణా ఇవ్వలేదు, మందలో పెరిగింది అంతే.

ఎండకి తట్టుకుంటుంది, రాగి సంగటి ముద్ద, మజ్జిగ, కోడిగుడ్డు పెడితే తింటుంది, చిన్నా చితకా రోగాలకి పడిపోదు, చుట్టుపక్కల వాళ్ళకి దాని మీద భయమూ ఉంటుంది, అలవాటూ ఉంటుంది. లోపం ఏంటంటే అన్నీ కాపలాకి పనికిరావు, కొన్ని ఊళ్ళోకి పారిపోతాయి, కొన్ని గొర్రెపిల్లల్ని తరుముతాయి. అందుకే ఒక్కటి కాదు, రెండు పెంచండి.

ఎలా పెంచాలంటే, మంద దగ్గరే ఉండే కుక్కకి పుట్టిన పిల్లలు దొరికితే సగం పని అయినట్టే. ఎనిమిది వారాలు నిండాక తెచ్చి దొడ్లో ఒక మూల చిన్న కట్టడి కట్టండి, అటూ ఇటూ వాసన తెలిసేలా సందులుండాలి, కానీ తల్లి గొర్రె కొమ్ము విసిరితే పిల్ల దూరిపోవడానికి చోటుండాలి. తిండి అక్కడే, పడక అక్కడే. కుక్కకి పుట్టిన మూడో వారం నుంచి మూడు నాలుగు నెలల దాకా ఎవరితో పెరిగితే వాళ్ళే తనవాళ్ళు, ఆ కాలం దాటిందా మళ్ళీ రాదు. కాబట్టి శనివారం వచ్చిన మీ పిల్లలు దాన్ని ఎత్తుకుని కారులో తిప్పి, రాత్రి ఇంట్లో పక్కలో పడుకోబెట్టుకుంటే అది ఇంటి కుక్కే అవుతుంది. అలాగని అసలు ముట్టుకోకూడదని కాదు. మనిషి చేతికి రాని కుక్కకి టీకా వేయించలేం. పట్టుకోవాలి, గొలుసు అలవాటు చేయాలి, అంతవరకే.

ఆరో నెల నుంచి ఏడాది దాకా దానికి ఆట ఎక్కువ. గొర్రెల చెవులు కొరుకుతుంది, తోకలు లాగుతుంది. అప్పుడు కాపరి గట్టిగా అదిలించాలి, గొర్రెలు ఈనే సమయంలో మాత్రం దాన్ని ఒంటరిగా వదలకూడదు. ఏడాదిన్నర, రెండేళ్ళు వచ్చేసరికి నమ్మొచ్చు. ఈలోగా దొడ్డికి గట్టి కంచె ఉండాలి, ఆ మాటకొస్తే తర్వాత కూడా ఉండాలి. చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు కంచె, దాని మీద లైటు, కుక్క తర్వాత. మగదైనా ఆడదైనా ఆపరేషన్ చేయించండి, లేకపోతే కార్తీకం వచ్చేసరికి మీ కాపలా కుక్క నాలుగూళ్ళ అవతల ఉంటుంది.

రోగాల సంగతి, ఇది మాత్రం వదలొద్దు

ఏ కుక్కని పెట్టినా ఇది ఒకటే. పొలంలో గొర్రెని కోసినప్పుడు తల, ఊపిరితిత్తులు, కాలేజం కుక్కకి పడేయడం మనకి అలవాటు. అక్కడే చెడేది. గొర్రె మెదడులో ఉండే తిత్తిని కుక్క తింటే దాని పేగులో బద్దెపురుగు పెరుగుతుంది, కుక్క పెంట ద్వారా గుడ్లు మేతలో కలుస్తాయి, ఆ మేత తిన్న గొర్రె మెదడులో మళ్ళీ తిత్తి. గొర్రె తల ఒక పక్కకి వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి చచ్చిపోతుంది, మనం దిష్టి అనుకుంటాం. ఇలాంటిదే ఇంకో రకం పురుగు మనిషి కాలేయంలోకి కూడా వస్తుంది. న్యూజిలాండ్ వాళ్ళు దశాబ్దాల పాటు కుక్కలన్నిటికీ మందు వేయించి, పచ్చి మాంసం పెట్టడం ఆపించి, 2002కి ఆ రెండో రకాన్ని దాదాపు లేకుండా చేసుకున్నారు. మీరు చేయాల్సిందీ అంతే: పచ్చివి పెట్టకండి, బాగా ఉడికించి పెట్టండి లేదా లోతుగా పాతేయండి, ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు ఎన్ని వారాలకోసారి వేయాలో పశువైద్యుడిని అడిగి క్యాలెండర్లో రాసుకోండి.

గొర్రెలకి పురుగులు పోవడానికి వేసే ఐవర్‌మెక్టిన్ విషయంలో కాలీ పెట్టుకున్న వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాలీ జాతుల్లో కొన్నిటికి ఒక జన్యులోపం వల్ల ఆ మందు మెదడుకి ఎక్కుతుంది. పొడుగు మూతి, ఒత్తు బొచ్చున్న రఫ్ కాలీల్లో ఇది చాలా ఎక్కువ, బోర్డర్ కాలీల్లో తక్కువే, అయినా పరీక్ష చేయించుకోవచ్చు. మందు తాపినప్పుడు కింద ఒలికిన దాన్నీ, ఆ తర్వాత గొర్రెల పెంటికల్నీ కుక్క నాకకుండా కట్టేయండి. రేబిస్ టీకా సంగతి వేరే చెప్పాలా, ప్రతి ఏడాదీ, తేదీ తప్పకుండా.

పొలం లేదు, ఫ్లాటే ఉంది, కాలీ మీద మనసు పడింది

ఇది ఇంకో రకం వాళ్ళు. వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్టుమెంట్‌లో సాయంత్రం పార్కులో ఒక కాలీని చూశాను, పిల్లలు సైకిళ్ళు తొక్కుతుంటే అది వాళ్ళ చుట్టూ వంగి వంగి తిరుగుతోంది, ఎవరైనా గుంపులోంచి విడిపోతే వెళ్ళి మడమ దగ్గర పళ్ళు ఆనిస్తోంది. పిల్లవాడి తల్లి కేకలేసింది, కుక్క యజమాని సారీలు చెప్పుకున్నాడు. కుక్క తప్పేం లేదు, దాన్ని పుట్టించిందే అందుకు.

బెంగళూరు వాతావరణం దానికి చెన్నైకన్నా నయం. చెన్నైలో మే నెలలో మధ్యాహ్నం ఆ రెండు పొరల బొచ్చుతో బంతి వెనక పరిగెత్తిస్తే పడిపోవచ్చు. ఈ జాతిలో కొన్ని కుక్కలు మామూలు ఎండలో కూడా గట్టిగా పరిగెత్తాక తూలి పడిపోతాయి, అది పశువైద్యులు గుర్తించిన సమస్య. పరిగెత్తడమే కాదు, మీరు రోజూ దాని బుర్రకి పని పెట్టగలరా అని చూసుకోండి: వాసన పట్టి వెతకడం, అడ్డంకుల పరుగు, ఆజ్ఞలు నేర్పడం. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగానికి పోయి రాత్రి ఎనిమిదికి వచ్చే ఇల్లయితే వద్దే వద్దు, అది గోడ మీద పడే వెలుతురుని తరుముతూ పిచ్చిదైపోతుంది. అలాంటి ఇంటికి రెండేళ్ళ వయసు దాటిన, నెమ్మదైన నాటుకుక్కని షెల్టర్ నుంచి తెచ్చుకోవడం మేలు. ఏ కుక్కకైనా నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవాల్సిందే. అపార్టుమెంట్ సంఘం కుక్కలే వద్దంటే 2015లో జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన మార్గదర్శకాలు చూపించండి, అలా నిషేధించే హక్కు సంఘాలకి లేదు.

మరి కాలీ ఎవరికి

ఉన్నారు, కొద్దిమంది. వంద దాటిన మంద, మొత్తం కంచె వేసిన పెద్ద భూమి, గొర్రెల్ని ఒక మడి నుంచి ఇంకో మడికి మార్చి మేపే పద్ధతి, అన్నిటికన్నా ముఖ్యంగా రోజూ పొలంలోనే ఉండి నేర్చుకునే ఓపికున్న మనిషి. కుక్కకి నేర్పే ముందు ఆ మనిషి తను నేర్చుకోవాలి, గొర్రె ఎటు చూస్తే ఎటు కదులుతుందో, ఎంత దగ్గరికెళ్తే బెదురుతుందో. అలాంటి పొలంలో కూడా రాత్రి కాపలాకి నాటుకుక్కలు వేరే ఉండాలి, పగలు కాలీ పనిచేసేటప్పుడు వాటిని కట్టేయాలి, లేకపోతే మందని తరుముతోందని కాలీ మీదే పడతాయి.

కొనేటప్పుడు అమ్మేవాడిని అడగండి, దీని తల్లిదండ్రులు గొర్రెల్ని ఎప్పుడైనా చూశాయా అని. మన దగ్గర దొరికేవి చాలావరకు షోల కోసం, ఇంట్లో ముద్దు కోసం పెంచిన వంశాలు. బొచ్చు బాగుంటుంది, పని బుద్ధి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కళ్ళకి వచ్చే వంశ రోగం పరీక్ష కాగితం అడగండి, తుంటి ఎక్స్‌రే అడగండి. 2017 నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నలభై రోజుల పిల్లని బుట్టలో పెట్టి బస్సులో పంపిస్తామనే వాడి ఫోన్ అక్కడితో పెట్టేయండి.

తోడేలు బెడద ఉన్నచోట ఏ కుక్క ఉన్నా ఒక మాట గుర్తుంచుకోండి, తోడేలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ ఒకటిలో ఉన్న జంతువు, విషం కలిపిన ఎర పెట్టి చంపితే జైలే, పైగా ఆ ఎరని మొదట తినేది మీ కుక్కే. జీవం పోతే ఫొటో తీసి, కళేబరాన్ని కదపకుండా, అటవీ శాఖకి చెప్పి పరిహారానికి అర్జీ పెట్టండి.